ఉప్పునీళ్ళ స్లాబు

మొన్న ఎండాకాలంలో మా అక్క ఇంటి స్లాబు పగలగొట్టించాం. పద్నాలుగేళ్ళ స్లాబు. నలుగురు మనుషులకి వారం పడుతుందన్నారు, నాలుగు రోజుల్లో అయిపోయింది. కొన్నిచోట్ల సమ్మెట కూడా అక్కర్లేదు, చేత్తో లాగితే ఊడొచ్చింది. లోపల చువ్వలు చూశాను. నేను దగ్గరుండి కట్టించినప్పుడు చిటికెన వేలంత లావున్నవి, అగరొత్తి పుల్లల్లా అయిపోయాయి. ఒకటి తీసి వంచితే పుటుక్కున విరిగింది.

ఆ స్లాబు పాడవడానికి కారణం ఒక తాపీ మేస్త్రి అని మా అక్క ఊళ్ళో అందరికీ తెలుసు. కాదని తెలిసినవాళ్ళం ముగ్గురమే. ఒకణ్ణి నేను, ఇంకొకరు ఆ మేస్త్రి. మూడోవాళ్ళున్నారని నాకు ఈ మధ్యే తెలిసింది.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా కాలవల మీద ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. మా డెల్టాలో ఎండాకాలం వస్తే కాలవలు కట్టేస్తారు. రెండో పంట దాళ్వా కోతలయ్యాక ధవళేశ్వరం దగ్గర తలుపులు దించేస్తే మళ్ళీ తొలకరి దాకా కాలవలో నీళ్ళుండవు. ఏడాదంతా నీళ్ళలో నానిన తూములూ లాకులూ అప్పుడే బయటపడతాయి. ఏ మరమ్మత్తు చేసినా ఆ నలభై యాభై రోజుల్లోనే చేసుకోవాలి. ఊళ్ళల్లో ఇళ్ళ పనులు కూడా అప్పుడే పెట్టుకుంటారు. కోతలైపోయి కూలీలు ఖాళీగా ఉంటారు, వాన భయం లేదు, ఇసక ట్రాక్టరు చేలకడ్డం పడి వచ్చినా అడిగేవాడు లేడు. అన్నీ బాగానే ఉంటాయి, ఒక్క మంచినీళ్ళు తప్ప. కోనసీమలో కాలవ చివర ఊళ్ళకి కాలవ ఎండిపోతే ఇక బోరే గతి. సముద్రం దగ్గర ఊళ్ళల్లో ఆ బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పు తెలిసిపోతుంది. రొయ్యల చెరువులు వచ్చాక అది మరీ ఎక్కువైంది.

మా అక్క ఊరు అలాంటి ఊరే.

ఆ మేస్త్రిని నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే చూశాను. కాలవ కట్టేసిన రోజుల్లో ఒక పాత లాకు గోడ బాగుచేయిస్తున్నాం. దొరల కాలంలో రాయీ సున్నం పెట్టి కట్టిన గోడ. ఒకచోట రాయి కదిలింది, చుట్టూ కాస్త తవ్వి సరిగ్గా కూర్చోబెట్టాలి. గునపం దిగలేదు. రాయి పగులుతోంది గానీ సందులో సున్నం రావడం లేదు. కాంట్రాక్టరు తెచ్చిన మేస్త్రీల్లో ఒకాయన, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద, నా పక్కన గొంతుక్కూచుని గోడని ఆవుని నిమిరినట్టు నిమిరాడు.

"ఇది గానుగ సున్నమండి. ఎద్దుని కట్టి తిప్పేవోరండి మా తాత రోజుల్లో. సున్నం, ఇసక, ఇటికపొడి పొద్దుగూకులూ రుబ్బేవోరంట. కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసేవోరంటండి."

"బెల్లమా? గోడ కట్టారా, బూరెలు వండారా?" అన్నాను.

ఆయన కూడా నవ్వాడు. నేను ఆ సున్నం మీద సిమెంటు పూయించాను. మాకు కాలేజీలో నేర్పింది అదే. సున్నం పాతది, సిమెంటు కొత్తది, కొత్తది గట్టిది, అంతే చదువు. మూడేళ్ళకి ఆ సిమెంటు అట్టలు అట్టలుగా లేచిపోయింది. పోతూ పోతూ రాళ్ళ అంచులు కూడా పట్టుకుపోయింది. మెత్తటి సున్నానికి నీళ్ళు పీల్చుకోవడం, వదిలేయడం తెలుసు. దాని ముక్కూ నోరూ మూసేస్తే లోపలి తడి ఎటు పోతుంది? అప్పుడైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు. 'కాంట్రాక్టరు పని నాణ్యత లేదు' అని రాసి పైకి పంపాను. ఆ వాక్యం నాకు సర్వీసంతా పనికొచ్చింది.

ఇప్పుడు మా రిటైరయిన ఇంజనీర్ల వాట్సాప్ గ్రూపులో రోజూ ఎవడో ఒకడు బెల్లం, కరక్కాయ, పూర్వీకుల విజ్ఞానం అని పంపిస్తూ ఉంటాడు. కింద అందరూ దణ్ణాలు పెడతారు. ఆ గ్రూపులో ఉన్నవాళ్ళలో సున్నం గోడ మీద సిమెంటు పూయించనివాడు ఒక్కడు లేడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు గానీ, మా చేతులు ఎక్కడ కాలాయి? కాలినవి వేరేవాళ్ళవి.

ఆ మేస్త్రికి ఒక అలవాటుండేది. ఏ పనికి వెళ్ళినా మొదట తాపీ పట్టుకోడు. అక్కడి నీళ్ళు దోసిట్లో పట్టుకుని, నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేసేవాడు. తర్వాతే పని. వాళ్ళ నాన్న నేర్పాడట. కాలవ పనుల్లో ఆ అవసరం లేదు, అయినా చేసేవాడు. మేం చూసి నవ్వుకునేవాళ్ళం. నీళ్ళు పరీక్ష చేయాలంటే సీసాలో పట్టి కాకినాడ ల్యాబుకి పంపాలి గానీ నాలిక మీద వేసుకోవడమేంటని.

మా అక్క ఆ ఊళ్ళో బడిపంతులమ్మ. బావ తొందరగా పోయాడు, పిల్లల్లేరు. అద్దె ఇళ్ళల్లో విసిగిపోయి, ఊళ్ళోనే ఒక పాత పెంకుటిల్లు కొనుక్కుంది. అది తీసేసి డాబా వేసుకోమని చెప్పింది నేనే. ఏటా వానలకి ముందు పెంకు సర్దించుకోవాలి, కోతులు తొక్కితే మళ్ళీ సర్దించుకోవాలి, ఒంటరి ఆడమనిషివి నీకెందుకీ గొడవ, స్లాబు వేసుకుంటే ఇక బతికినన్నాళ్ళూ పైకి చూడక్కర్లేదు అన్నాను. మా తరం ఇంజనీర్లం ప్రతి ఇంటికీ వెళ్ళి ఇదే చెప్పాం. తాటాకింటివాణ్ణి పెంకుటింటివాడూ, పెంకుటింటివాణ్ణి డాబావాడూ చిన్నచూపు చూడటం నేర్పింది మేమే. మా అక్క నమ్మింది. "మా తమ్ముడు ఇంజనీరు, వాడే చూసుకుంటాడు" అని ఊరంతా చెప్పుకుంది. ఆ మేస్త్రిది ఆ పక్క పేటే అని తెలిసి పని ఆయనకే ఇప్పించాను.

స్లాబు వేసేది వైశాఖంలో. పంతులుగారు ముహూర్తం పెట్టారు. ఆ తర్వాత మూఢం, మూఢం వెనకే ఆషాఢం, ఇక శ్రావణం దాకా మంచిరోజు లేదన్నారు. అప్పటికి కాలవ కట్టేసి పదిహేను రోజులైంది. ఊరి మంచినీళ్ళ చెరువులో ఉన్నవి తాగడానికే, ఇంటిపనికి ముట్టుకోనివ్వరు. కలపడానికీ, తర్వాత రెండు వారాలు తడపడానికీ ఉన్నది బోరు నీళ్ళే.

ఆ పొద్దున కొబ్బరికాయ కొట్టారు. మిక్సరు తిరగడానికి సిద్ధంగా ఉంది. ఇరవై మంది కూలీలు బొచ్చెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. అక్క కాఫీలు అందిస్తోంది. ఇరుగుపొరుగు చూడటానికి వచ్చారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని మధ్యలో నిలబడ్డాను. మేస్త్రి బోరు దగ్గరికి వెళ్ళి దోసిలి పట్టాడు, ఉమ్మేశాడు, తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"బాబుగారూ, ఈ నీళ్ళు వద్దండి."

"ఏం?"

"ఉప్పండి. ఇవాళ్టికి పై ఊళ్ళనుంచి ట్యాంకరు తెప్పించినా, రేపట్నించీ తడపాలి కదండీ. కాలవ వదిలాక వేసుకుందామండి."

"కాలవ వదిలేసరికి మూఢం."

"శ్రావణంలో వేసుకుందామండి. సున్నం గోడకి చవుడు పట్టిందనుకోండి, గీకేసి మళ్ళీ పూసుకుంటామండి. ఇనుముకి పడితే లోపల తినేస్తదండి. పైకి కనపడదండి."

ఆ మాట నెమ్మదిగానే అన్నాడు, నాకొక్కడికి వినపడేలా. కానీ పక్కింటాయన సగం సగం విన్నాడు. "ఇంజనీరుగారికే పాఠం చెబుతున్నావేంటయ్యా మేస్త్రీ!" అని పెద్దగా అన్నాడు. అందరూ నవ్వారు. అది మేస్త్రి మీద నవ్వే, నాకు మాత్రం నా మీద నవ్వినట్టు ఒళ్ళు మండిపోయింది.

"పుస్తకం నేను చదివానా, నువ్వు చదివావా?" అన్నాను. నాకంటే పెద్దవాణ్ణి, అంతమంది ముందు.

"ఆయ్, మీరే చదివారండి" అని వెళ్ళిపోయి మిక్సరు తిప్పించాడు. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే నాకు బాగుండేది.

అసలు సంగతి ఏంటంటే, ఆ పుస్తకంలో కూడా మేస్త్రి చెప్పిందే ఉంది. ఉప్పునీళ్ళు ఇనుము దగ్గరికి రానివ్వకూడదని మొదటి ఏడాదే చదువుకున్నాం. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నాకు తెలీక చేయలేదు. తెలిసిన సంగతే ఆయన నోటివెంట రావడం నాకు నచ్చలేదు, అంతే. ఇది ఒప్పుకోవడానికి నాకు పద్నాలుగేళ్ళు పట్టింది.

స్లాబు బాగా వచ్చింది. మేస్త్రి పైన ఇసక గట్లతో చిన్న చిన్న మడులు కట్టి, నాట్లకి చేను తడిపినట్టు రోజూ రెండుపూటలా నీళ్ళు నిలబెట్టాడు. చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. సాయంత్రానికి గట్ల మీద తెల్లగా పేరుకునేది. పొద్దున్నే వచ్చి చీపురుతో ఊడ్చి మళ్ళీ తడిపేవాడు. గృహప్రవేశానికి బట్టలు పెడితే కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. నీళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆరేళ్ళకి వంటింటి పైకప్పు మీద తుప్పు చారలు కనిపించాయి. ఏడో ఏడు పెచ్చులూడటం మొదలైంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటుని బయటికి తోసేస్తుంది. చూడగానే నాకు అర్థమైపోయింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. చూడటానికి వచ్చినవాళ్ళలో ఎవరో అన్నారు, "సిమెంటు తినేసుంటాడమ్మా మేస్త్రి" అని. అక్క "అంతే అయ్యుంటుందండి" అంది. అందరూ నా వైపు చూశారు. ఇంజనీరుని కదా.

"ఈ రోజుల్లో మేస్త్రీలంతా అంతేనండి" అన్నాను. చేతిలో టీ గ్లాసు ఉంది, ఒక గుక్క తాగాను కూడా.

ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. ఇక్కడ మద్దెల స్థానంలో మనిషి ఉన్నాడు. ఊరికి ఆ ఒక్క మాట చాలింది. నేను మేస్త్రి పేరు చెప్పలేదు, సిమెంటు తిన్నాడనీ అనలేదు. అలాంటి తెలివి నాకు సర్వీసులో బాగా పట్టుబడింది. ఏడాది తిరక్కుండా ఆయనకి ఆ చుట్టుపక్కల స్లాబు పని ఇచ్చినవాడు లేడు. 'సిమెంటు తిన్న మేస్త్రి' అన్న పేరు పడిపోయింది. తర్వాత గోడల పనులూ పోయాయి. మండపేటలో ఏదో రైసుమిల్లులో వాచ్‌మన్‌గా చేరాడని అక్కే ఒకసారి ఫోనులో చెప్పింది. "అయ్యో" అన్నాను.

పోయినేడు పెద్ద పెచ్చు పడింది. మధ్యాహ్నం అక్క పడుకునే మంచం మీదే పడింది. ఎవరో గేటు కొడితే లేచి వెళ్ళింది కాబట్టి బతికింది. నా కింద పనిచేసిన కుర్ర ఇంజనీరొకడు ఇప్పుడు ఇలాంటి పరీక్షలు చేస్తున్నాడు, పిలిపించాను. ముక్కలు పట్టుకెళ్ళి వారానికి ఫోను చేశాడు. "సిమెంటు సుబ్బరంగా ఉంది సార్. లోపలంతా ఉప్పే. ఎవరు సార్ ఆ మేస్త్రి, ఉప్పునీళ్ళతో వేసేశాడు?" అన్నాడు. నీ ఫీజెంత అని అడిగాను.

ఆ మర్నాడు మండపేట వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. క్షమాపణ చెప్పడానికని అప్పుడనుకున్నాను. మిల్లు గేటు దగ్గర ధాన్యం లారీలు బారులు తీరి ఉన్నాయి, గాలంతా ఊక దుమ్ము. ఖాకీ చొక్కాలో ఆయన లారీ నెంబర్లు రాసుకుంటున్నాడు. నన్ను చూడగానే లేచి తన స్టూలు జరిపాడు.

"కూర్చోండి బాబుగారూ. అమ్మగారు బాగున్నారాండి?"

పెచ్చు పడిందని చెప్పాను. ముందు అడిగిన మాట, "ఎవరికన్నా తగిలిందాండి?" అని. లేదంటే దణ్ణం పెట్టుకున్నాడు. తప్పు నాదేనని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. నెంబర్ల పుస్తకం మూసి పక్కన పెట్టి అన్నాడు.

"నేనింక తాపీ పట్టనండి, చేతులు వణుకుతున్నాయండి. మా అల్లుడు మాత్రం అక్కడే పని చేసుకుంటున్నాడండి. గోడలు కట్టనిస్తారండి, స్లాబు ఇవ్వరండి. 'మీ మావ సంగతి తెలుసులే' అంటారంటండి. తమరొక్కసారి ఊళ్ళో నలుగురి ముందూ చెప్పండి బాబూ. తమ పేరు అక్కర్లేదండి. నీళ్ళ వల్ల పోయింది, సిమెంటు వల్ల కాదు అనండి, చాలు."

ఆయన ఏడిస్తే, తిడితే తట్టుకునేవాణ్ణి. నన్ను తప్పించే దారి కూడా ఆయనే చూపించి అడిగాడు. "చెబుతాను, తప్పకుండా చెబుతాను" అన్నాను. బస్సు దాకా వచ్చి దిగబెట్టాడు.

తిన్నగా అక్క దగ్గరికి వెళ్ళాను. ముందు అక్కకి చెప్పాలి, తర్వాత ఊరికి. వసారాలో కూర్చుని బీరకాయ చెక్కు తీస్తోంది. మొత్తం చెప్పాను. అక్క చెక్కు తీయడం ఆపలేదు.

"నాకు తెలుసురా" అంది.

"ఏం తెలుసు?"

"ఆ బోరు నీళ్ళతో పప్పు ఉడకదు. పప్పు ఉడకని నీళ్ళు స్లాబుకి పనికొస్తాయా? ఆ మేస్త్రి చెప్పింది నేనూ విన్నాను. కాఫీ గ్లాసులు పట్టుకుని నీ వెనకే ఉన్నాను."

"మరి ఆ రోజే అనలేకపోయావా?"

"అంతమందిలో నిన్ను తక్కువ చేయమంటావా?"

"సరే. మరి తర్వాత? సిమెంటు తిన్నాడంటే అవునన్నావేంటి?"

అక్క అప్పుడు తలెత్తి చూసింది. "ఇంకెవర్ననమంటావురా? మేస్త్రి కాకపోతే ఇంకో మేస్త్రి దొరుకుతాడు. నాకు నువ్వొక్కడివే కదా." మళ్ళీ బీరకాయ అందుకుంది. "ఇప్పుడు నువ్వు చెబితే, తెలిసి తెలిసి పేదవాడి మీద నింద వేసిందని నన్నంటారు. ఈ ఊళ్ళో పాతికేళ్ళు పిల్లలకి అబద్ధమాడకూడదని చెప్పినదాన్ని. ఊరుకో."

ఆ మాటకి నాకు మొదట కలిగింది సిగ్గు కాదు. ఊరట. గుండెల మీంచి ఏదో దింపినట్టయింది. సిగ్గు తర్వాత వచ్చింది, చాలా తర్వాత, బస్సులో.

స్లాబు పగలగొట్టే రోజున ఊళ్ళో మగవాళ్ళు పదిమంది పోగయ్యారు. పుల్లల్లాంటి చువ్వలు చేతుల్లోకి తీసుకుని చూశారు. "చూశారా ఇంజనీరుగారూ, ఎంత తినేశాడో వెధవ!" అన్నాడు పక్కింటాయన, ఆ రోజు నవ్వించినాయనే. మేస్త్రి అల్లుడు కూడా వీధి అవతల నిలబడి ఉన్నాడు, లోపలికి రాలేదు. 'నీళ్ళు' అన్న ఒక్క మాట చాలు. నోరు తెరిచాను. వసారాలోంచి అక్క నా వైపు చూస్తోంది.

"ఎండెక్కింది, కాసేపాగి కొట్టండి" అన్నాను.

కొత్త స్లాబు తొలకరి దాటాక, కాలవ వదిలాక వేయిస్తానని చెప్పాను. కాకినాడ నుంచి కాంట్రాక్టరు వస్తాడు. "ఇంజనీరుగారు ఈసారి ఏ మేస్త్రినీ నమ్మకుండా దగ్గరుండి మంచినీళ్ళతో వేయిస్తున్నారు" అని ఊళ్ళో చెప్పుకుంటున్నారట. అక్క సంతోషంగా ఫోను చేసి చెప్పింది.

ఇదంతా రాస్తే మనసు తేలికవుతుందని ఎవరో అన్నారు. రాశాను. ఊరి పేరు రాయలేదు, పేట పేరు రాయలేదు, అక్క పేరూ నా పేరూ లేవు. చదివినవాళ్ళు మర్యాద కొద్దీ రాయలేదనుకుంటారు. మేస్త్రి పేరు ఇంటిపేరుతో సహా నాకు తెలుసు. ఇక్కడ ఒక్క ముక్క రాస్తే చాలు, ఆయన అల్లుడికి ఆ ఊళ్ళో స్లాబు పని దొరుకుతుంది. రాయలేదు.